పార్సన్స్‌టౌన్ ఏ ఊరు? బిట్రగుంట అమ్మాయి ఐర్లాండ్ ఇంటిపేరు

ఇంటిపేర్లు, వంశవృక్షాలు: మీ ప్రశ్నలకి జవాబులు

పోయిన నెల ఈ పేజీలో బిట్రగుంట లోకో షెడ్ గురించి రెండు ముక్కలు రాశానో లేదో ఉత్తరాలు వరస కట్టినాయి. అందులో ఒకటి చదివాక పక్కన పెట్టబుద్ధి కాలా, ఈసారి పేజీలో సగం పైన దానికే పోయింది, మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: నమస్తే సార్. మాది బిట్రగుంట రైల్వే కాలనీ, ఇప్పుడు కావలిలో ఉంటున్నాం. నాన్న వైపు ఆంగ్లో ఇండియన్స్, అమ్మ తెలుగు ఆవిడ, నేను చదివిందంతా తెలుగు మీడియమే. మా ఇంటిపేరు గిల్‌ఫాయిల్. కాలనీలో అందరూ గిల్‌పాల్ గారమ్మాయి అనేవాళ్ళు. మా తాత ఇంజన్ డ్రైవర్, ఆయన నాన్న కూడా రైల్వేనే, ఆ పైన తాత ఐర్లాండ్ నుంచి మద్రాసుకి సోల్జర్‌గా వచ్చాడని చెప్పేవాళ్ళు. ఇంట్లో ఒక పాత ప్రార్థన పుస్తకం ఉంది, వెనక అట్ట లోపల పెన్సిల్‌తో మైకేల్ అని, కింద పార్సన్స్‌టౌన్, కె.సి. అని రాసుంది, దాని కింద ఇంకో లైను ఉంది గానీ చెరిగిపోయింది. మ్యాప్‌లో చూస్తే ఆ పేరుతో అక్కడక్కడా చిన్న పల్లెలు చూపిస్తోంది, మాది ఏదో తెలీలా. ఇంత అరుదైన ఇంటిపేరుతో మా వాళ్ళని పట్టుకోగలనా? నాన్న పోయినేడు పోయారు, అడగడానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరూ మిగల్లేదు. బాబాయి మాత్రం ఒక కంపెనీకి డబ్బులు కట్టి మా ఇంటిపేరు రాజముద్ర అని ఒక కాగితం తెప్పించి ఫ్రేమ్ కట్టించాడు, అది నిజమేనా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, నాన్నగారి సంగతి చదివి మనసు కష్టమైంది. మా నాయన అదే షెడ్‌లో ఖలాసీ, స్టీమ్ ఇంజన్ కింద బూడిద గుంటలో దిగి పనిచేసి ఇంటికొస్తే కళ్ళు తప్ప మొహంలో ఇంకేం కనపడేది కాదు, అన్నం తింటా ఆ రోజు ఏ డ్రైవర్ ఏ బండి మీద పోయాడో చెప్తా ఉండేవాడు. ఇట్టాంటి పేర్లు మేం పిల్లప్పుడు దినామూ వింటా పెరిగినవే, అందుకే మీ ఉత్తరం నాకు పరాయిది అనిపించలా.

ముందు ఊరి సంగతి తేల్చేద్దాం. కె.సి. అంటే కింగ్స్ కౌంటీ. కింగ్స్ కౌంటీ పార్సన్స్‌టౌన్ అంటే ఇప్పటి ఆఫలీ కౌంటీలో ఉన్న బిర్ అనే టౌను, ఐర్లాండ్ దేశానికి దాదాపు నడిమధ్యలో ఉంటుంది. పార్సన్స్ అనే జమీందారీ కుటుంబం పేరు మీద ఆ ఊరికి ఆ పేరు నడిచింది, వాళ్ళ వంశంలోనే లార్డ్ రోస్ అనే ఆయన 1845లో అక్కడ 72 అంగుళాల అద్దంతో టెలిస్కోప్ కట్టించాడు, 1917 దాకా ప్రపంచంలో దానికన్నా పెద్దది లేదు, బహుశా మీ మైకేల్ చిన్నప్పుడు అది కడతా ఉంటే చూసే ఉంటాడు. ఐర్లాండ్‌కి స్వతంత్రం వచ్చాక కింగ్స్ కౌంటీ పోయి ఆఫలీ అయింది, పార్సన్స్‌టౌన్ పోయి బిర్ నిలిచింది. మనకిది వింతేం కాదు కదా. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లా, 1904లో గుంటూరు జిల్లాలో కలిసింది, 1970లో సొంత జిల్లా అయింది, 1972లో ప్రకాశం అన్నారు. కందుకూరు 1970లో ఒంగోలుతో పోయి 2022లో మళ్ళీ నెల్లూరుకి తిరిగొచ్చింది. 1890 నాటి కాగితంలో నెల్లూరు జిల్లా ఒంగోలు అని ఉంటే తప్పు రాశారు అనుకోము కదా. కాగితం ఏ ఏడాదిదో ఆ ఏడాది మ్యాప్ పక్కన పెట్టుకుని వెతకాలి, అంతే. ఒక్క జాగ్రత్త, పార్సన్స్‌టౌన్ అనేది జనన మరణాల రిజిస్ట్రేషన్‌కి ఒక డిస్ట్రిక్ట్ పేరు కూడా, పక్కన టిప్పరరీ కౌంటీ పల్లెలు కొన్ని అందులోకే వచ్చేవి. ఇండెక్స్‌లో ఆ పేరు కనపడగానే టౌనులోనే పుట్టాడు అని ఖాయం చేసుకోవద్దు, పల్లె ఏదైనా కావచ్చు.

ఇప్పుడు ఇంటిపేరు. గిల్‌ఫాయిల్ అనేది ఇంగ్లీషు గుమస్తాలు వాళ్ళ చెవికి ఎట్టా వినపడితే అట్టా రాసుకున్న రూపం. అసలు ఐరిష్ భాషలో అది మాక్ గిల్లా ఫోల్. మాక్ అంటే కొడుకు, గిల్లా అంటే దాసుడు, ఫోల్ అంటే పౌలు, సెయింట్ పాల్. మన వైపు ఏసుదాసు, పౌలుదాసు అని పెట్టుకుంటారే, అచ్చం అదే, పౌలుదాసు కొడుకు. మీ కాలనీలో నోరు తిరక్క గిల్‌పాల్ అన్నారు అనుకున్నారు మీరు, నిజానికి ఇంగ్లీషు వాడు పోగొట్టిన పాల్‌ని బిట్రగుంట వాళ్ళు మళ్ళీ తెచ్చి పెట్టినారు! ఈ వంశం పాత ఠికాణా ఆఫలీ దక్షిణ భాగం, టిప్పరరీ సరిహద్దు. అంటే మీ పుస్తకంలో ఊరూ మీ ఇంటిపేరూ రెండూ ఒకే చోటికి వేలు చూపిస్తున్నాయి. ఇది చాలా మంచి గుర్తు, ఇట్టా కలిసిరావడం మర్ఫీలకీ కెల్లీలకీ కుదరదు, ఆ పేర్లు దేశమంతా వేలకి వేలు.

అరుదైన ఇంటిపేరు అంటే అదృష్టమే గానీ ఒక చిక్కుంది. మీరు అనుకున్నంత అరుదు కాదది, ముక్కలు ముక్కలుగా చెల్లాచెదరైంది. ఇంగ్లీషులో జి తర్వాత యు పెట్టి రాసేవాళ్ళు ఒకరు, యు లేకుండా ఒకరు, కె తో కిల్‌ఫాయిల్ అని ఒకరు, చివర ఒక ఎల్, రెండు ఎల్‌లు, ఎల్ తర్వాత ఇ, ఇంకొంతమందైతే ఏకంగా పవల్ అని మార్చుకున్నారు, పవల్ చూస్తే వేల్స్ దేశం పేరు మాదిరి ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానమే రాదు. కంప్యూటర్‌లో శబ్దాన్ని బట్టి వెతికే సౌండెక్స్ పద్ధతి ఉంది కదా, అది మొదటి అక్షరాన్ని కదిలించదు, జి తో వెతికితే కె తో ఉన్నవాళ్ళు జన్మలో రారు. నేనూ ఇక్కడే ఏడాదిన్నర పోగొట్టుకున్నా. షెడ్‌లో చేసిన ఇంకో డ్రైవర్ కుటుంబానికి, ఇంటిపేరు ముందు ఓ ఉన్నవాళ్ళకి, ఓ తోనే వెతికి వెతికి లేరు అని చెప్పేశా, ఆ పెద్దాయన సరేలేబ్బా అని ఊరుకున్నాడు. 1850ల్లో చాలామంది ఓ, మాక్ తీసేసి రాసుకున్నారని, 1890ల తర్వాత భాషాభిమానం పెరిగి మళ్ళీ తగిలించుకున్నారని తెలిశాక ఓ తీసేసి కొడితే పదినిమిషాల్లో ఇంటిల్లిపాదీ దొరికినారు. అప్పటికి పెద్దాయన లేడు. అది ఇప్పటికీ నాకు బాధే, అందుకే చెప్తున్నా, మొదటి రోజే ఒక నోట్‌బుక్‌లో మీ పేరుకి ఎన్ని స్పెల్లింగులు రావచ్చో అన్నీ రాసుకుని ప్రతి రికార్డులో అన్నిటితో వెతకండి, సైట్ ఒప్పుకుంటే ముందూ వెనకా నక్షత్రం గుర్తు పెట్టి నడిమి ముక్క ఒక్కటే కొట్టండి.

ఇంకో మాట, ఐర్లాండ్ రికార్డుల్లోకి ఇప్పుడే దూకొద్దు. మైకేల్ అక్కడ బోలెడుమంది ఉంటారు, మీ మైకేల్ ఎవరో తేల్చాల్సింది ఇక్కడి కాగితాలే. మీ తాత నుంచి మెట్టు మెట్టుగా పైకి పోండి. తాత రైల్వే సర్వీస్ రికార్డులో, పెన్షన్ కాగితాల్లో తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. ఆయన చేరినప్పుడు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, జనం ఎమ్మెస్సెమ్ అనేవాళ్ళే, అది 1951లో సదరన్ రైల్వేలో కలిసింది, 1966లో బెజవాడ డివిజన్ సౌత్ సెంట్రల్‌కి వచ్చింది, అందుకని ఒక ఆఫీసులో లేదంటే ఇంకో ఆఫీసులో అడగాల్సి వస్తది, ఓపిక పట్టండి. మద్రాసు బెజవాడ లైను కలిసిందే 1899లో, కాబట్టి మీ తాత వాళ్ళ నాన్న అంతకుముందు ఇంకెక్కడో, అరక్కోణం, పెరంబూరు, గుంతకల్లు, ఎక్కడో పనిచేసి ఉంటాడు, పెళ్ళి కూడా అక్కడే అయ్యుండొచ్చు.

తర్వాత చర్చి. నెల్లూరు మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల పరిధి, ఏర్పడింది 1928లో, అంతకుముందు ఈ ప్రాంతమంతా మద్రాసు కిందే. అందుకని 1928కి ముందు బాప్టిజం, పెళ్ళి ఎంట్రీలకి బిట్రగుంట, నెల్లూరు చర్చిల్లో అడిగి అక్కడితో ఆగిపోకుండా మద్రాసు మైలాపూరు అతిమేత్రాసనంలో కూడా అడగాలి. మద్రాసు బిషప్పులే ఆ కాలంలో ఐరిష్ వాళ్ళు, 1841 నుంచి 1880 దాకా ఫెన్నెల్లీ అన్నదమ్ములు ఒకరి తర్వాత ఒకరు, ఆ తర్వాత కోల్గన్ అనే ఆయన, 1886లో మద్రాసుకి మొదటి ఆర్చిబిషప్ ఆయనే. అప్పట్లో చర్చి ఎంట్రీల కాపీలు మద్రాసు ద్వారా లండన్‌కి పంపేవాళ్ళు, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్ 2 అనే వరసలో ఉన్నాయి, ఎన్ 1 బెంగాల్, ఎన్ 2 మద్రాస్, ఎన్ 3 బొంబాయి. కానీ క్యాథలిక్ ఎంట్రీలన్నీ లండన్‌కి పోలా, అక్కడ లేకపోతే అసలు లేనట్టు కాదు. ఫిబిస్ అని బ్రిటిష్ ఇండియా కుటుంబాల సొసైటీ ఒకటి 1998 నుంచి నడుస్తోంది, వాళ్ళ ఇండెక్స్ ఇంట్లో కూర్చుని ఫ్రీగా వెతకొచ్చు, మొదట అదే తెరవండి. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఐసీఎస్ ఆయన మద్రాసు ప్రెసిడెన్సీలో తెల్లవాళ్ళ సమాధుల మీద రాతల్లో ముఖ్యమైనవి పుస్తకం వేశాడు, అదీ ఒకసారి తిరగేయండి, మామూలు సోల్జర్లకి రాతి సమాధులు తక్కువే గానీ చూడటంలో పోయేదేం లేదు.

మైకేల్ సోల్జర్ అన్నారు కదా, అసలు నిధి అక్కడుంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఐర్లాండ్ నుంచి కుర్రాళ్ళు పెద్ద సంఖ్యలో కంపెనీ సైన్యంలో చేరినారు, 1845 నుంచి 1852 దాకా బంగాళాదుంప పంట కుళ్ళిపోయి పదిలక్షల మంది చనిపోయి, ఇంకో పదిలక్షల మంది దేశం వదిలిపోయిన కరువు అది, పూటకి తిండీ చేతికి జీతమూ దొరికే ఉద్యోగం అంటే వెనకాడతారా. మద్రాసులో ఐరిష్ వాళ్ళున్న పటాలం అంటే మొదట గుర్తొచ్చేది మద్రాస్ ఫ్యూజిలియర్స్, అదే 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్‌లో మొదటి బెటాలియన్ అయింది, పేరులో మద్రాస్ పోయి డబ్లిన్ వచ్చింది. కంపెనీ సోల్జర్ల రిజిస్టర్లు, మస్టర్ రోల్స్ అనే హాజరు పట్టీలు ఇండియా ఆఫీస్ మిలిటరీ రికార్డుల్లో ఉన్నాయి, మద్రాసువి ఎల్ మిల్ 11 అనే నంబర్ కింద. సోల్జర్ ఏ కౌంటీ వాడు, అంతకుముందు ఏం పని చేసేవాడు, ఏ ఓడలో వచ్చాడు లాంటివి వీటిల్లో పట్టుకోవచ్చు. ఆయన కంపెనీ మనిషి కాకుండా రాణి గారి రెజిమెంట్ మనిషైతే డిశ్చార్జ్ కాగితాలు లండన్ కివ్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ ఓ 97 వరసలో దొరకొచ్చు, 1760 నుంచి 1913 దాకా. వయసు మాత్రం గుడ్డిగా నమ్మొద్దు, చేరేటప్పుడు ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ చెప్పినవాళ్ళు చాలామంది.

ఇవన్నీ అయ్యాక, మైకేల్ కింగ్స్ కౌంటీ వాడే అని రెండో కాగితం కూడా చెప్పాక, ఐర్లాండ్‌కి పోండి. అక్కడ జరిగిన నష్టం తెలిసి పోవాలి. 1922 జూన్ 30న డబ్లిన్‌లో అంతర్యుద్ధం మధ్య ఫోర్ కోర్ట్స్ భవనంలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ పేలిపోయి కాలిపోయింది. 1821, 31, 41, 51 జనాభా లెక్కలు చాలావరకు అందులోనే బూడిదైనాయి. 1861, 71 లెక్కలు ప్రభుత్వమే ముందే నాశనం చేయించింది, 1881, 91వి మొదటి ప్రపంచయుద్ధంలో కాగితం కరువని గుజ్జు చేసేశారు. 1922కి ముందువాటిలో పూర్తిగా మిగిలినవి 1901, 1911 మాత్రమే, అవి ఫ్రీగా నెట్‌లో ఉన్నాయి. 1911 ఫారాల మీద ఇంటి యజమాని సొంత చేతిరాత ఉంటుంది, పెళ్ళై ఎన్నేళ్ళైంది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని ఆడవాళ్ళ గడిలో రాసుంటుంది. పదిమంది పుట్టి ఆరుగురు ఉన్నారు అని ఒక తల్లి లెక్క సిరా మరకతో సహా కళ్ళ ముందు కనపడితే మనిషి కాసేపు కదల్లేడు. కాలిపోయినవాటి నకళ్ళు దేశదేశాల్లో వెతికి పోగుచేసి 2022లో వర్చువల్ రికార్డ్ ట్రెజరీ అని ఒకటి తెరిచారు, అందులోనూ బిర్ పేరు కొట్టి చూడండి.

జనాభా లెక్కలు పోయినా భూమి లెక్కలు మిగిలాయి. 1847 నుంచి 1864 దాకా రిచర్డ్ గ్రిఫిత్ అనే ఆయన దేశమంతా పన్ను కోసం సర్వే చేయించాడు, గ్రిఫిత్స్ వాల్యుయేషన్ అంటారు. మన అడంగల్, డైగ్లాట్ లాంటి పాత భూమి రిజిస్టర్లు చూసినవాళ్ళకి అది చదవడం ఒక పూటలో వచ్చేస్తది, సాగు చేసేవాడి పేరు, ఎవరి దగ్గర కౌలుకి తీసుకున్నాడు, ఇల్లు ఉందా లేదా, ఎన్ని ఎకరాలు, ఎంత విలువ, అన్నీ వరసగా ఉంటాయి. టౌన్‌ల్యాండ్ అనే మాట చూసి టౌను అనుకోవద్దు, అది మన రెవెన్యూ గ్రామం లాంటిది, కొన్నిటిలో ఒక్క కొంప కూడా ఉండదు, దేశం మొత్తం మీద 60 వేల పైనే ఉన్నాయి. మీ పని ఏందంటే, బిర్ చుట్టుపక్కల గిల్‌ఫాయిల్, కిల్‌ఫాయిల్ అందరినీ, మీ వాళ్ళా కాదా అని చూడకుండా, ఏ టౌన్‌ల్యాండ్‌లో ఉన్నారో మ్యాప్ మీద చుక్కలు పెట్టండి. ఇంటిపేరు అరుదు కాబట్టి ఇది మీవల్ల అయ్యే పనే, కెల్లీ ఇంటిపేరువాడు చేయాలంటే ముసలాడైపోతాడు. అంతకుముందు తరానికి 1823 నుంచి 1837 దాకా రాసిన టైత్ పుస్తకాలున్నాయి, చర్చికి కట్టే పన్ను లెక్క, అందులో పొలం ఉన్నవాళ్ళే ఉంటారు.

ఆ చుక్కలు చేతిలో పెట్టుకుని క్యాథలిక్ చర్చి రిజిస్టర్లు తెరవండి. ఐర్లాండ్ నేషనల్ లైబ్రరీ 2015లో వాటి ఫోటోలన్నీ ఫ్రీగా పెట్టింది, 1880 దాకా ఉంటాయి, బిర్ కిల్లలూ మేత్రాసనం కింద వస్తది. చాలావాటిలో పేర్లు లాటిన్‌లో ఉంటాయి, ప్యాట్రిక్ పాట్రీషియస్ అయిపోతాడు, జేమ్స్ జాకోబుస్, విలియం గులియెల్ముస్, భయపడొద్దు, నాలుగు పేజీలు చదివితే అలవాటైపోతది. బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, ఇద్దరు జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు. ఆ చివరి ఇద్దరినీ వదలొద్దు, ఎక్కువసార్లు మేనమామో పిన్నమ్మో అయ్యుంటారు. ఇంకోటి, వాళ్ళకీ మనకి మాదిరే తాత పేరు పెట్టే అలవాటుంది, పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు. మీ ముత్తాతల్లో పెద్దకొడుకుల పేర్లు వరసగా రాసుకుంటే మైకేల్ తండ్రి పేరు ఏమై ఉండొచ్చో ఒక అంచనా వస్తది. రూల్ కాదు, ఆనవాయితీ.

మైకేల్ అన్నదమ్ములు అక్కడే ఉండి 1909 దాకా బతికుంటే ఇంకో దారుంది. ఆ ఏడాది జనవరి నుంచి 70 ఏళ్ళు దాటినవాళ్ళకి ముసలి పెన్షన్ మొదలైంది, కానీ అక్కడ అందరి జననాలూ రిజిస్టర్ చేయడం మొదలైంది 1864లో, ఈ ముసలోళ్ళ దగ్గర బర్త్ సర్టిఫికెట్ ఎక్కడిది? అందుకని మాది ఫలానా టౌన్‌ల్యాండ్, మా అమ్మా నాన్న ఫలానా, 1841 లెక్కల్లోనో 1851 లెక్కల్లోనో మా వయసు చూడండి అని అర్జీ పెట్టుకుంటే గుమస్తాలు వెతికి చీటీ మీద రాసిచ్చేవాళ్ళు. లెక్కల పుస్తకాలు కాలిపోయినాయి, ఆ చీటీలు మిగిలాయి. పెన్షన్ కోసం తిరిగిన ఒక ముసలాయన చీటీలో మీ మైకేల్ తల్లిదండ్రుల పేర్లు దొరకొచ్చు, ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో సెన్సస్ సెర్చ్ ఫారమ్స్ అని వెతకండి.

బాబాయి ఫ్రేమ్ గురించి. రాజముద్ర, ఇంగ్లీషులో కోట్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు, అది ఒక మనిషికీ ఆయన వారసులకీ ఇచ్చేది, ఇంటిపేరు ఉన్న అందరికీ కాదు. ఐర్లాండ్‌లో ఆ పని 1552 నుంచి ఒక ఆఫీసు చూస్తోంది, 1943 నుంచి చీఫ్ హెరాల్డ్ అంటారు. ఆ కాగితం మీ వంశానికి సాక్ష్యం కాదు, అట్టాగని బాబాయితో పేచీ పెట్టుకోవద్దు, ఆయనకీ మీకు మాదిరే ఆశ, గోడకి ఉండనీయండి, ఆయన దగ్గర పాత ఫోటోలు ఏమన్నా ఉంటే మాత్రం కూర్చోబెట్టి వెనకవైపు రాతలతో సహా అన్నీ సెల్‌లో తీసుకోండి, ఇంట్లో మీకు మిగిలిన పెద్దదిక్కు ఆయనే.

ప్రశ్న: మా అమ్మమ్మ వాళ్ళ తాత బకింగ్‌హామ్ కాలువ మీద ఓవర్‌సీర్‌గా చేసిన ఐరిష్ ఆయన అంటారు. ఇంటిపేరు కూడా ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే తెలుస్తుందా?
– ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: తెలియొచ్చు, కానీ ఏ టెస్ట్ అనేది చూసుకోండి. ఇంటిపేరుతో పాటు నడిచేది వై డీఎన్ఏ, అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే పోతది, మీ ఐరిష్ తాత అమ్మ వైపు మనిషి, మీ వై లో ఆయన ఉండడు. మీకు కావాల్సింది అమ్మ వైపూ నాన్న వైపూ రెండిటి నుంచీ వచ్చిన డీఎన్ఏ చూసే ఆటోసోమల్ టెస్ట్. ఆయన మీకు నాలుగు తరాల పైన, లెక్క ప్రకారం మీలో ఆయన వంతు పదహారో వంతు, 6.25 శాతం, మనిషి మనిషికీ కొంచెం అటూ ఇటూ. మీ అమ్మగారు ఉంటే ముందు ఆమెకి చేయించండి, ఆమెలో దానికి రెట్టింపు ఉంటుంది, డబ్బులు ఒక్కరికే సరిపోతే ఆమెకే. శాతాల బొమ్మ చూసి సంబరపడి ఆపేయొద్దు, అసలు ఉపయోగం మ్యాచ్‌ల లిస్టులో, అంటే మీతో డీఎన్ఏ కలిసినవాళ్ళ లిస్టులో ఉంది. ఆయన అన్నదమ్ముల మునిమనవళ్ళ పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో టెస్ట్ చేయించుకుని ఉంటే అక్కడ తగులుతారు. ఒకే ముత్తాత తండ్రికి పుట్టిన థర్డ్ కజిన్స్‌లో పదిమందిలో తొమ్మిదిమందికి డీఎన్ఏ కలుస్తుంది, ఇంకో తరం దూరం పోతే సగం మందికే కలుస్తుంది. మ్యాచ్ రాలేదు అంటే చుట్టం కాదు అని తేలినట్టు కాదు. ఒకటే మాట, అమ్మమ్మ తరం వాళ్ళు బతికుంటే టెస్ట్‌కి ముందు చెప్పి, వాళ్ళు సరే అన్నాకే చేయించండి. ఆ రోజుల్లో పెళ్ళి రిజిస్టర్‌లోకి ఎక్కని సంబంధాలు చాలా ఉన్నాయి, కొన్ని ఇళ్ళలో ఆ మాట యాభై ఏళ్ళుగా ఎవరూ ఎత్తి ఉండరు.

ప్రశ్న: మా ముత్తాత ఐర్లాండ్‌లో పుట్టాడని కాగితం దొరికింది. ఐరిష్ పాస్‌పోర్ట్ వస్తుందా? ఒక ఏజెంట్ వస్తుంది అంటున్నాడు.
– గూడూరు

జవాబు: మామూలుగా రాదన్నా. తాతో అవ్వో ఐర్లాండ్ దీవిలో పుట్టి ఉంటే వాళ్ళ ఫారిన్ బర్త్స్ రిజిస్టర్‌లో పేరెక్కించుకుని పౌరసత్వం తీసుకోవచ్చు. ముత్తాత అయితే, మీరు పుట్టకముందే మీ అమ్మో నాన్నో అందులో పేరెక్కించుకుని ఉండాలి. మీ ఇంట్లో అట్టా జరిగుండదు అనుకుంటున్నా. పైగా మన దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు, అది తీసుకుంటే ఇది పోతుంది. ఏజెంట్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర. మా జేజినాయన పేరు ప్యాట్రిక్. మా ఇంటిపేరు మాత్రం తెలుగుదే. ప్యాట్రిక్ అంటే ఐర్లాండ్ పేరు కదా, మాకూ అక్కడ చుట్టరికం ఉందా అని మా పాప అడుగుతోంది.

జవాబు: పాప ప్రశ్న బాగుంది. కానీ అది బాప్టిజం పేరు, బిడ్డకి పునీతుడి పేరు పెట్టారు, ఐర్లాండ్ నుంచి వచ్చిన ఫాదర్లకి ఆ పేరు ప్రాణం కాబట్టి వాళ్ళు తిరిగిన చోటల్లా ప్యాట్రిక్‌లు కనపడతారు. మీ వంశం మీ తెలుగు ఇంటిపేరులోనే ఉంది. అయినా ఆ బాప్టిజం ఎంట్రీ వెతికించండి, పేరు పెట్టిన ఫాదర్ సంతకం, జేజినాయన తల్లిదండ్రుల పేర్లు, వాళ్ళ ఊరు అందులో ఉండొచ్చు. నూరేళ్ళ కిందటి తెలుగు పల్లె మనుషుల పేర్లు కాగితం మీద దొరకడం చాలా తక్కువ, అది మీకు దొరికితే మీ పాపకి ఐర్లాండ్ కన్నా పెద్ద బహుమానం.

కావలి అమ్మాయికి ఇంకొక్క మాట: ఆ ప్రార్థన పుస్తకంలో చెరిగిపోయిన లైను ఉంది అన్నారు కదా, దాని మీద పౌడరూ నీళ్ళూ ఏమీ రుద్దొద్దు, పెన్సిల్‌తో దిద్దొద్దు. రాత్రి పూట లైట్లన్నీ ఆపేసి, అట్టని బల్ల మీద పరిచి, సెల్ టార్చి వెలుతురు పైనుంచి కాకుండా పక్కనుంచి, కాగితానికి దాదాపు ఆనుకునేట్టు పడేలా పెట్టి, నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫోటోలు తీయండి. పెన్సిల్ గీత చెరిగినా నొక్కిన గాడి కాగితంలో ఉంటుంది, ఏటవాలు వెలుతురులో నీడ పడి అక్షరం లేస్తది. ఊరి కింద లైను కాబట్టి అది టౌన్‌ల్యాండ్ పేరో, ఏడాదో, రెజిమెంట్ నంబరో అయ్యుండాలి. నాలుగూ పంపండి, వచ్చే నెల ఇక్కడే చూద్దాం.